మంగళవారం రాని వాసన

మా అత్తమ్మ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆమె తప్పు చేయదు.

ఇది మీకు పొగడ్తలా వినిపిస్తే, అలాంటి మనిషితో మీరు ఒకే వంటగదిలో మెలగలేదన్నమాట. ఏ ఇంట్లోనైనా జరగాల్సిన తప్పులు జరుగుతూనే ఉంటాయి. ఒక మనిషి తన వాటా తీసుకోకపోతే అది మిగతావాళ్ల నెత్తిన పడుతుంది. మా ఇంట్లో పెరుగు పులిస్తే ఎండది తప్పు. పప్పు మాడితే గిన్నెది తప్పు, ఆ గిన్నె కొన్నది నేను కాబట్టి చివరికి నాది. కొన్నేళ్ల కింద ఆమె ఎల్బీ నగర్ చౌరస్తాలో వనస్థలిపురం పోతున్నానని బస్సెక్కి ఉప్పల్‌లో దిగింది. ఇంటికి వచ్చి, "డ్రైవర్‌కు తొవ్వ తెల్వదు, బస్సు తప్పు పోయింది" అన్నది. మరి బస్సు నిండా ఉన్న మిగతా జనం ఉప్పల్ పోవాలనే ఎక్కారు కదా అని నేను అడగలేదు. కోడళ్లకు కొన్ని ప్రశ్నలు మింగడం అలవాటే.

ఆమె పేరు రాములమ్మ. మన్సూరాబాద్‌లో మాతోనే ఉంటుంది. ఆమె కొడుకు లింగస్వామికి, అంటే మా ఆయనకు, ఈ గుణం సగమే వచ్చింది. ఆయన తప్పు చేస్తాడు. కాకపోతే అది ఎవరి మీద వేయాలో ముందే చూసి పెట్టుకుంటాడు.

ఇక అసలు సంగతి. మా ఆడబిడ్డ యాదలక్ష్మికి చౌటుప్పల్ దాటాక కోళ్ల ఫారం ఉంది. గుడ్ల కోళ్లు. ఆమె భర్త బండి మీద దుకాణాలకు గుడ్లు వేసి వస్తాడు, షెడ్లన్నీ ఆమే చూసుకుంటుంది. చుట్టూ కంది చేలు ఉన్నన్నాళ్లు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. తరువాత కంది చేలల్లో హద్దురాళ్లు మొలిచాయి. ప్లాట్ల వెంచర్ పడింది, ఇళ్లు లేచాయి, ఇళ్లలోకి ముక్కులు వచ్చాయి.

ఓ మధ్యాహ్నం యాదలక్ష్మి ఎల్బీ నగర్‌లో బస్సు దిగి, తాడుతో కట్టిన గుడ్ల అట్టలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ గుడ్లతో పాటు ఊరి ముచ్చట్లు కూడా తెచ్చేది. ఆ రోజు గుడ్లే వచ్చాయి.

"వదినే, షెడ్లు ఎత్తేయమంటున్రు," అంది, చెప్పులు కూడా విప్పకుండా.

మంచం మీద వాలిన అత్తమ్మ దిగ్గున లేచింది. "ఎవలు?"

"కాలనీవోళ్లు. కోళ్ల ఎరువు వాసనకు ఇండ్లల్ల ఉండలేకపోతున్నరట. వాళ్ల పెద్దమనిషి సీతారాములు సార్ పంచాయతీల ఫిర్యాదు ఇస్తడట. గ్రామసభల తీర్మానం అయితే ఇగ షెడ్లు బంద్. నేను ఏడికి పోవాలె వదినే? కోళ్లు తప్ప నాకు ఇంకో పని తెల్వది."

"ఎరువు లారీలోళ్లు తీస్కపోతలేరా?" అన్నాను.

"వానలు పడ్తుంటే ఎవలు రారు. తడి ఎరువు ఎవలకు గావాలె? షెడ్ల కింద కుప్పలు కుప్పలు ఉన్నది."

సోఫాలోంచి మా ఆయన ఫోన్ పక్కన పెట్టి, "కంపోస్టు," అన్నాడు. ఆ మాట ఇంట్లో ఎవరికీ తట్టనట్టు ఒక్క క్షణం ఆగాడు. ఆయన ఉద్యోగం ఒక సర్కారు ఆఫీసులో. ఆ ఆఫీసుకూ కోళ్లకూ ఏ సంబంధమూ లేదు, కానీ ఫోన్‌లో వీడియోలు అందరికీ సమానంగా వస్తాయి.

"ఎరువును ఊకతోని, ఎండాకులతోని కలిపి కుప్ప పెట్టాలె. లోపల్నే వేడి పుట్టి అదే మాగుతది. వాసన రాదు, ఈగ వాలదు. ఆఖరికి మన్ను లెక్క అయితది, సంచులల్ల నింపి నర్సరీలకు ఇయ్యొచ్చు."

"గది నేను చెప్తే సీతారాములు సార్ నమ్ముతడా అన్నా?"

"నమ్మకపోతే మా ఇంటికి తోలుకరా. మా ఇంటెనక పెట్టి చూపిస్త. స్వయంగ ముక్కు పెట్టి చూడమను."

ఆయన ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. ఇంటి వెనక వాసన వస్తే పొద్దంతా ఇంట్లో ఉండేది ఆయన కాదు.

సీతారాములు ఒప్పుకున్నాడు. రిటైరైన హెడ్మాస్టరట. నెల తరువాత జరిగే గ్రామసభకు ముందటి ఆదివారం మా ఇంటికి వస్తాననీ, ఆ కుప్ప పక్కన కుర్చీ వేసుకుని టీ తాగగలిగితే ఫిర్యాదు ఇవ్వననీ కబురు పంపాడు. తాగలేకపోతే ఇస్తాడు. అంతే. మా ఆడబిడ్డ షెడ్లు పోయి పోయి మా ఇంటి వెనక సందులో ఒక టీ కప్పు మీద నిలబడ్డాయి.

ఊరి నుంచి బండిలో ఎరువు సంచులు, మిల్లు నుంచి ఊక వచ్చాయి. కాలనీ పార్కు ఊడ్చేవాళ్లు ఎండాకులు సంతోషంగా ఇచ్చారు. మా ఆయన ఇనుప జాలీని గుండ్రంగా నిలబెట్టి, కింద ఊక, దానిపైన ఎరువు, దానిపైన ఆకులు, మళ్లీ ఊక, అట్లా ఛాతీ ఎత్తు దాకా పేర్చాడు. పిడికెడు తీసి పిండితే చేతికి తడి తగలాలి, నీళ్లు కారొద్దు, అదీ లెక్క. దిల్‌సుఖ్‌నగర్ పోయి బారెడు కడ్డీ ఉన్న థర్మామీటర్ తెచ్చాడు. పొద్దున లేవగానే మొహం కూడా కడగకుండా దాన్ని కుప్పలో గుచ్చి, "అరవై దాటింది!" అని కేకేసేవాడు. మా పిల్లలకు ఎన్ని మార్కులు వచ్చినా ఆయన గొంతులో ఆ ఆనందం నేను వినలేదు.

అత్తమ్మ కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి, ఏదో చెప్పబోయింది.

"అమ్మా, నువ్వు దీని దిక్కు రావొద్దు," అన్నాడు ఆయన. "ఇది సైన్సు. ఎవలు చెయ్యి పెట్టినా ఖరాబ్ అయితది."

అత్తమ్మ కొంగు దులుపుకుని లోపలికి వచ్చింది. ఆమె అంత నిశ్శబ్దంగా ఒక మాట విన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

కింది వాటాలో బాపిరాజు గారు కిరాయికుంటాడు. భీమవరం వైపు మనిషి, ఎల్బీ నగర్‌లో టైల్స్ దుకాణంలో మేనేజరు. ఆయన వంటింటి కిటికీ సరిగ్గా ఆ కుప్ప మీదికే తెరుచుకుంటుంది. మొదటి రోజు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏవండీ, ఇది కోళ్ల పెంటేనాండీ? మా ఇడ్లీ పొయ్యికెదురుగా?" అన్నాడు పాపం. కొన్నాళ్లు చూడమన్నాం. చూశాడు. ఏ వాసనా రాలేదు. "బాగానే ఉందండోయ్, పొలం గట్టు మీద నిలబడ్డట్టుంది," అని తనే ఒప్పుకున్నాడు. మేమంతా హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. ఆ పీల్చడమే చివరిది.

ఓ పొద్దున నేను వంటింట్లో టీ పెడుతుంటే వచ్చింది. కుళ్లిన వాసన కాదు. మురుగు వాసన కాదు. ముక్కులో సూదిలా దూరి కళ్లలోంచి నీళ్లయి బయటికి వచ్చే ఘాటు. కింద బాపిరాజు గారి దగ్గు, కిటికీ మూసిన చప్పుడు, మూసిన కిటికీ వెనక మళ్లీ దగ్గు.

మా ఆయన థర్మామీటర్ పట్టుకుని పరుగెత్తాడు. ముక్కుకు తువ్వాలు కట్టుకుని తిరిగి వచ్చాడు.

"ఇది నా కుప్పది కాదు," అన్నాడు తువ్వాలులోంచి. "టెంపరేచర్ పర్ఫెక్ట్ ఉన్నది. ఇది డ్రైనేజీ."

"డ్రైనేజీ వాసన నాకు తెలీదాండీ?" బాపిరాజు గారు మెట్ల మీదికే వచ్చేశాడు. "డ్రైనేజీ వాసనైతే మనిషి ముక్కు మూసుకుంటాడండి. దీనికి కళ్లు మూసుకోవలసొస్తోంది!"

చాంబర్ మూతలన్నీ తీయించాం. మనుషులొచ్చి కడిగి పోయారు. సాయంత్రానికి వాసన తగ్గింది. "చూసినవా?" అన్నాడు మా ఆయన, ఆ సాయంత్రమంతా. మర్నాడు పొద్దున మళ్లీ వచ్చింది. ఈసారి ఆయన ఏమీ చూడమనలేదు.

ఊక ఇంకా కలిపాడు. కుప్పంతా పారతో తిరగేశాడు. వాన తగలకుండా టార్పాలిన్ కప్పాడు, గాలి ఆడాలని తీసేశాడు, మళ్లీ కప్పాడు. ఏం చేసినా రాత్రికల్లా బుద్ధిగా ఉండే కుప్ప, పొద్దున టీ వేళకు ఘాటెక్కేది. ఆదివారం దగ్గర పడుతోంది. యాదలక్ష్మి ఫోన్ చేసి, "ఎట్లున్నది వదినే?" అని అడిగితే, ఒక చేత్తో ముక్కు మూసుకుని, "మంచిగనే ఉన్నది," అన్నాను. "జలుబు చేసిందా వదినే, గొంతు గట్లున్నది?" అంది.

అత్తమ్మ మాత్రం తాపీగా ఉంది. "నువ్వు ఏందో తప్పు చేస్తున్నవు కొడుకా," అనేది. "జెర నిదానంగ ఆలోచించు."

బాపిరాజు గారి ఇంట్లో పరిస్థితి విషమించింది. "మా ఆవిడ పుట్టింటికి పోతానంటోందండి," అన్నాడు ఓ రోజు నీరసంగా. "మామూలుగా అయితే అదేమంత బాధ కాదనుకోండి. కానీ ఈసారి నన్ను కూడా రమ్మంటోందండి."

ఇంతలో నాకొకటి కనబడింది. కనబడ్డాక నా అయోమయం రెట్టింపయింది. మంగళవారం వాసన రాలేదు. శనివారం కూడా రాలేదు. ఏదో కాకతాళీయం అనుకున్నాను. మళ్లీ వచ్చిన మంగళవారం కూడా రాలేదు. మిగతా ఐదు రోజులూ ఉతికి ఆరేసే వాసనకు ఈ రెండు రోజులు సెలవెందుకు?

మా ఆయన దగ్గర సమాధానం ఉంది. ఆయన దగ్గర ఎప్పుడూ ఉంటుంది. "గా రెండు దినాలు కాలనీల నల్లా రాదు. నీళ్లు లేకపోతే డ్రైనేజీ కదలది. డ్రైనేజీ కదలకపోతే వాసన రాదు." వింటుంటే నమ్మబుద్ధయింది. తరువాత మా వీధికి నల్లా శనివారమే వస్తుందని గుర్తొచ్చింది.

బాపిరాజు గారు దుకాణం నుంచి టైల్స్ కడిగే యాసిడ్ తెస్తుంటాడు. దాంతో రోజూ బాత్రూం కడుగుతున్నాడేమో, ఆ రెండు రోజులే కడగడేమో అని నాకు తట్టింది. అడగడం ఎట్లా? మెట్ల దగ్గర ఆపి అడిగేశాను.

"బాపిరాజు గారూ, మీరు మంగళవారం, శనివారం... ఏం చేయరు?"

ఆయన సంచి కింద పెట్టాడు. "చేయకపోవడమేంటండీ? ఆ రెండు రోజులూ నాన్‌వెజ్ తిననండి. హనుమంతుడికి." తరువాత ఆయన కళ్లు పెద్దవయ్యాయి. "ఓర్నాయనో! మంగళా శనివారాలే వాసన రావట్లేదా అండీ? అయితే స్వామి మహిమేనండి ఇది!"

నేను ఆ మెట్ల మీద నిలబడి, బాపిరాజు గారు తినని చేపల పులుసుకూ మా కుప్పకూ ఉన్న సంబంధం గురించి చాలా సేపు ఆలోచించాను. బీఎస్సీ కెమిస్ట్రీ చదివినదాన్ని. దిల్‌సుఖ్‌నగర్ కాలేజీలో, ఫస్ట్ క్లాసులో. ఆ పట్టా బీరువాలో పట్టుచీరల కింద మడత నలగకుండా ఉంది. చీరలు జారిపోకుండా పట్టుకుంటుంది, ఇన్నాళ్లుగా దానికున్న పని అదే.

జవాబు ఇస్త్రీ బండి దగ్గర దొరికింది. వీధి మలుపులో మట్టయ్యది బొగ్గుల ఇస్త్రీ. బట్టలు తెచ్చుకుందామని పోతే, మడతలు లెక్కపెడుతూ అన్నాడు:

"అక్కా, అమ్మకు జెర చెప్పు. నేను గ్యాస్ ఇస్త్రీ పెట్టె తీస్కుంటున్న. ఇగ బూడిద దొరకది."

"ఏం బూడిద?"

"రోజు పొద్దుగాల డబ్బా తెచ్చి నింపుకపోతది గదా. మంగళవారం, శనివారం తప్ప. గా రెండు దినాలు కర్మన్‌ఘాట్ హనుమాన్ గుడికి పోతది. అంట్లు తోముకునేతందుకు అన్నది."

మా ఇంట్లో అంట్లకు సబ్బు వాడతాం. అది తెచ్చేది నేనే.

బట్టల మూట చంకలో పెట్టుకుని నడుస్తుంటే, మధ్యలో పాలబూత్ దగ్గర కాళ్లు ఆగిపోయాయి. కాలేజీ ల్యాబు గుర్తొచ్చింది. ఏ ఉప్పో తెలియని తెల్లపొడి ఇచ్చి కనిపెట్టమనేవాళ్లు. దాంట్లో అమోనియా దాగి ఉందా లేదా తెలియాలంటే క్షారం వేసి కాస్త వేడి చేయాలి. ఉంటే గుప్పున లేస్తుంది, ముక్కు చెబుతుంది. కోడి ఎరువు నిండా ఉండేది అదే సరుకు. బూడిద క్షారం. కుప్ప లోపల వేడి ఎలాగూ ఉంది. మా అత్తమ్మ రోజూ పొద్దున మా ఇంటి వెనక నా ప్రాక్టికల్ పరీక్ష చేస్తోంది!

మర్నాడు మెట్ల కిటికీలోంచి చూశాను. మా ఆయన స్నానానికి పోగానే అత్తమ్మ పాత పాలపొడి డబ్బాతో దిగింది. టార్పాలిన్ ఎత్తి, ముగ్గు వేసినంత ఒద్దికగా కుప్ప మీద బూడిద చల్లింది. దుమ్ము లేవకుండా చెంబుతో నీళ్లు చిలకరించింది. కొడుక్కు కనబడకుండా పైన పిడికెడు ఊక పరిచింది. పరుస్తూ గొణుక్కుంటోంది. "నా బిడ్డ షెడ్లు నిలవాలె. నా బిడ్డ షెడ్లు నిలవాలె."

పెళ్లయిన కొత్తలో ఊళ్లో చూశాను. తెల్లారగానే పొయ్యిలో బూడిద తీసి పెంటకుప్ప మీద వేయడం ఆ ఇళ్లల్లో కల్లాపి చల్లినంత మామూలు పని. పేడ కుప్పకు దానివల్ల నష్టం లేదు. అందులో గడ్డే ఎక్కువ, గుప్పుమని లేచేంత సరుకు ఉండదు. కోడి ఎరువు సంగతి వేరు. ఆ తేడా ఆమెకు ఎవరు చెప్పారు? కొడుకు సైన్సు అన్నాడు, దిక్కు రావొద్దన్నాడు. ఆమె బిడ్డ బతుకు ఆ కుప్పలో ఉంటే ఆమె రాకుండా ఎట్లా ఉంటుంది?

చెప్పేయొచ్చు. ఆయనకు చెబితే ఇల్లు ఎగిరిపోతుంది. ఆమెకు చెబితే తప్పు మట్టయ్య బొగ్గులదవుతుంది, మర్నాడు ఇంకో చోటి బూడిద వస్తుంది. ఆదివారం ముంచుకొస్తోంది. నేను చెప్పలేదు.

డబ్బాలోని బూడిద ఒక సీసాలోకి వంపి దాచాను. నా చామంతి కుండీల మన్ను ఎండబెట్టి, పిండి జల్లెడతో జల్లించి, రంగు కోసం ఇంత బొగ్గు పొడి కలిపి డబ్బా నింపాను. ఏ పండక్కీ నేను పిండి అంత శ్రద్ధగా జల్లించలేదు. మట్టయ్య గ్యాస్‌కు మారాడు కనక ఆమెకు ఆ డబ్బాయే ఆధారం. పొదుపుగా, ప్రేమగా రోజూ నా చామంతి మన్ను చల్లింది. వాసన రోజురోజుకీ తగ్గి, ఆదివారానికి పూర్తిగా పోయింది.

"నేను కుప్ప తిరగేసింది పనిచేసింది," అన్నాడు మా ఆయన. అత్తమ్మ కొంగు చాటున నవ్వుకుంది. బాపిరాజు గారు స్వామికి ఆకుపూజ చేయించాడు. నేనూ ప్రసాదం తిన్నాను.

ఆదివారం సీతారాములు గారిని యాదలక్ష్మి తోలుకువచ్చింది. సన్నగా, నిటారుగా ఉన్నాడు. కుప్ప పక్కన కుర్చీ వేశాం. బాపిరాజు గారు సాక్షిగా పక్కనే నిలబడ్డాడు. యాదలక్ష్మి కొంగు కొసను వేలికి చుడుతూ, విప్పుతూ గోడకు ఆనుకుంది.

సీతారాములు టీ ఒక గుక్క తాగాడు. ఆగాడు. ఇంకో గుక్క తాగాడు. వంగి పిడికెడు ఎరువు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"తొలకరి పడ్డ చెల్క లెక్క ఉన్నదయ్యా," అన్నాడు ఆశ్చర్యంగా.

మా ఆయన థర్మామీటర్ చేతిలోకి తీసుకున్నాడు. ఉపన్యాసం మొదలు కాబోతోందని నాకు తెలుసు. అత్తమ్మకు కూడా తెలుసు. ఇన్ని రోజులు ఆపుకున్న మనిషి, అక్కడ మాత్రం ఆపుకోలేకపోయింది.

"గా పుల్లతోని కాలేదు సారూ," అని కొంగు చాటు నుంచి పాలపొడి డబ్బా తీసింది. "గిదీ. బూడిద. నేను రోజు చల్లిన."

మా ఆయన థర్మామీటర్ కిందికి దించాడు.

"అమ్మా!" యాదలక్ష్మి గోడ వదిలి ముందుకొచ్చింది. "నేను కూడా రోజు చల్లుతున్న గదే! షెడ్ల కింద పొద్దుగాల్నే బూడిద, సున్నం. ఒక్క దినం తప్పలే. మరి నా దగ్గర గంత ఘాటెందుకు?"

అత్తమ్మ డబ్బాను చూసింది, మా ఆయన అత్తమ్మను చూశాడు, యాదలక్ష్మి అందరినీ చూసింది.

"స్వామి చౌటుప్పల్ దాకా రాడేమోనండి," అన్నాడు బాపిరాజు గారు మెల్లగా.

సీతారాములు కప్పు కింద పెట్టాడు. టీ ఇంకా సగం ఉంది. "ఆడ బూడిద చల్లితే వాసన. ఈడ బూడిద చల్లితే వాసన లేదు. అంటే నేనొస్తున్నానని ఇయాల్టికి ఏదో మందు కొట్టిన్రు. గంతే గదా?" అంటూ కుర్చీలోంచి లేచాడు.

ఆ సగం టీ వైపు యాదలక్ష్మి చూసిన చూపు నేను భరించలేకపోయాను.

"సార్, జెర కూసోండ్రి," అన్నాను. "ఆ డబ్బాల ఉన్నది బూడిద కాదు. నా చామంతి కుండీల మన్ను."

అత్తమ్మ డబ్బా మూత తీసి వేలు పెట్టింది. నాలుక మీద వేసుకుంది. ఊరి మనిషి, మన్నుకూ బూడిదకూ తేడా నాలుకకు తెలుస్తుంది. నా వైపు తిరిగిన ఆమె మొహంలో కోపం లేదు. వనస్థలిపురం అనుకుని దిగితే ఉప్పల్ కనబడ్డ మొహం అది.

మాటలతో నమ్మే మనిషి కాదు ఆ హెడ్మాస్టరు. రెండు కొబ్బరి చిప్పలు తెచ్చాను. మిగిలిన సంచీలోంచి పచ్చి ఎరువు రెండింటిలో ఇంతింత వేశాను. ఒక దాంట్లో ఊక కలిపాను. రెండో దాంట్లో సీసాలో దాచిన అసలు బూడిద వేసి, గోరువెచ్చటి నీళ్లు చిలకరించి పుల్లతో కలిపాను. మొదటిది ఆయన ముక్కు దగ్గర పెట్టాను. పర్లేదన్నట్టు తల ఊపాడు. రెండోది పెట్టాను.

సీతారాములు ఎగిరి అడుగు వెనక్కి వేశాడు. కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

"గిదే!" అన్నాడు. "గిదేనమ్మా! పొద్దుగాల మా కాలనీల వచ్చేది గిదే వాసన!"

బాపిరాజు గారు కూడా వాసన చూసి, "ఇదేనండీ, మా ఇడ్లీల మీద వాలింది," అని ఖాయం చేశాడు.

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు మా ఆయన నాతో, చిన్నగా.

"మీరు డ్రైనేజీ అన్నరు గదా," అన్నాను, అంతే చిన్నగా.

సీతారాములు అద్దాలు పెట్టుకుని యాదలక్ష్మి వైపు తిరిగాడు. గొంతు కటువుగా లేదు కానీ బడిలో పిల్లను నిలబెట్టినట్టుంది. "అంటే ఇన్నాళ్లు వాసన రేపింది నువ్వు చల్లిన బూడిద, సున్నమే. ఎరువు తప్పు కొంతే. మరి నీకు గట్ల చల్లుమని ఎవరు చెప్పిన్రమ్మా? రేపు ఇంకెవరో ఇంకోటి చెప్తరు, అది గూడ చల్లుతవా? నేను పోయి మావోళ్లకు ఏమని చెప్పాలె? ఆమె మారుతదని ఎట్ల నమ్మమనాలె?"

యాదలక్ష్మి తల దించుకుంది. "ఎవలు చెప్పలే సార్," అంది. "నాకే తోచింది."

అబద్ధం. ఆ ఫారం పెట్టిన రోజు షెడ్డు ముందు కొబ్బరికాయ కొట్టి, "పొద్దుగాల్నే బూడిద చల్లు బిడ్డా, మరువకు," అని అత్తమ్మ చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను. మా ఆయనా ఉన్నాడు. ఇద్దరం ఇప్పుడు కుప్ప వైపు చూశాం. తప్పు ఎప్పటిలాగే ఇంకొకరి వాటాలోకి పోతోంది, ఈసారి తీసుకునే మనిషి చేయి చాపి మరీ తీసుకుంటోంది.

అత్తమ్మ డబ్బా కింద పెట్టింది. మూత పెట్టబోయి, పెట్టలేదు.

"అది అబద్ధమాడుతున్నది సారూ," అంది. "నేను చెప్పిన. వద్దంటే గూడ ఇనకుండ చెప్పిన. ఈడ నా కొడుకు రావొద్దన్నా వచ్చి చల్లిన. దానికేం తెల్వది, తల్లి చెప్పిందని చేసింది." అప్పుడు బిడ్డ వైపు తిరిగింది. "నేను తప్పు చెప్పిన బిడ్డా. నాదే తప్పు."

మా ఆయన చేతిలో థర్మామీటర్ జారి ఊకలో పడింది. ఎవరూ తీయలేదు. ఆ ఇంట్లో ఆ మాట పుట్టడం మేమెవ్వరం చూడలేదు. యాదలక్ష్మి తల్లి చేయి పట్టుకుని ఏడ్చింది, ఎందుకు ఏడుస్తోందో ఆమెకే తెలియనట్టు.

సీతారాములు కాసేపు ఆ ఇద్దరినీ చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చల్లారిన ఆ సగం టీ ఎత్తి మొత్తం తాగేశాడు.

"బూడిద, సున్నం బంద్ చెయ్యి," అన్నాడు యాదలక్ష్మితో. "గీ కుప్ప ఎట్ల పెట్టిండో మీ అన్న దగ్గర నేర్చుకో. ఫిర్యాదు నేనియ్య. మావోళ్లకు కూడా నేనే చెప్త, తప్పేందో తెలిసింది, దిద్దుకుంటున్రు అని. ఊక తెచ్చిన నాడు చెప్పు, నేను గూడ వచ్చి చూస్త. నాకు గూడ పెరట్ల వంకాయలున్నయి."

సాయంత్రం వాళ్లను సాగనంపడానికి ఎల్బీ నగర్ చౌరస్తాకు పోయాం. అత్తమ్మ కూడా వస్తానంది. చౌటుప్పల్ బస్సు వచ్చింది. సీతారాములు వెనకే యాదలక్ష్మి ఎక్కి కిటికీలోంచి చేయి ఊపింది. బస్సు కదిలిపోయాక కూడా అత్తమ్మ అక్కడే నిలబడి, వచ్చే పోయే బస్సుల బోర్డులు ఒక్కొక్కటే తలెత్తి చూస్తోంది. ఉప్పల్ బస్సొకటి మా ముందే ఆగి, జనాన్ని ఎక్కించుకుని, తన దారిన తాను పోయింది.

"స్వప్నా," అంది, దాని వెనకే చూస్తూ.

"ఆఁ, అత్తమ్మా."

"ఆ దినం బస్సు తప్పు పోలే. నేనే తప్పెక్కిన."